యువజనులకొఱకు ధర్మనిధి: ఎట్లీయవలెను? ఎవరికి ముందీయవలెను?

(చెన్నపురి తెలుగు కుటుంబముల వార్షిక సమావేశమున గావింపబడిన ప్రసంగ పాఠము)



యువజన సేవకు ధర్మనిధులను వినియోగించు విధమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యవర్గమువారు నన్ను ఆజ్ఞాపించిరి. నాలుగు మాటలని లేచి నాలుగు మాటలతోనే కూర్చుండు వక్తలు మనలో అరుదు. అయినను నేను చెప్పదలచినది నిజముగా ఒక్క మాటయే. దానము చేయుటలో మనవారు ఎన్నడును వెనుదీయలేదు. కాని యువజనుల పేరిట ఇచ్చు ధనము ఒకనాటి సన్మానముతో ముగిసిపోరాదు. అది సంవత్సరము పొడుగున, ప్రతి సాయంకాలము, ఒక గదిలో దీపమై వెలుగవలెను. ఆ దీపమునకు చమురెంత కావలెనో, అది ఎవరి పిల్లలకు ముందుగా వెలుగవలెనో, ఇప్పుడు మనము విచారింతము.

మన పూర్వులు సత్రములు కట్టించిరి, చలివేంద్రములు పెట్టించిరి, చెఱువులు త్రవ్వించిరి, తోపులు వేయించిరి. అవి బాటసారికొఱకైన ధర్మములు. బాటసారికి ఒక పూట అన్నము, ఒక రాత్రి నీడ చాలును. తెల్లవాఱగనే వాడు తన దారిని పోవును. చదువుకొను పిల్లవాడు అట్టివాడు కాడు. వాడు పదిపండ్రెండేండ్లు మన కన్నులయెదుటనే యుండును. వానికి ఒకనాడు పెట్టి మఱునాడు మఱచినచో పెట్టనట్లే. కావున అన్నదానపు రీతిని విద్యాదానమునకు యథాతథముగా అన్వయించుకొనుట తగదు. ఈ సంగతిని ఈ పట్టణపు చరిత్రయే మనకు మూడు విధములుగా నేర్పుచున్నది.

మొదటిది పచ్చయప్ప మొదలియారు చరిత్ర. ఆయన తెలుగువాడు కాడు. అయినను ధర్మనిధిని గూర్చి ఆయన చరిత్రకంటె పెద్ద పాఠము ఈ నగరమున లేదు. దుబాసిగా ధనమార్జించి, ఆ ధనమును దైవకార్యములకును దానధర్మములకును వ్రాసియుంచి, 1794లో ఆయన కీర్తిశేషుడయ్యెను. తరువాత ఆ ఆస్తి వ్యాజ్యములలో చిక్కి, దశాబ్దముల పర్యంతము దాత సంకల్పము నెఱవేఱక నిలిచిపోయెను. తుదకు న్యాయస్థానము కలుగజేసికొని, లెక్కలు తేల్చి, ధర్మకర్తల నేర్పఱచి, పేరుకొనిన మిగులు ధనమును విద్యకు మళ్ళించినది. ఆ ధనముతో 1842లో పాఠశాల వెలసినది; అదియే పెరిగి నేటి పచ్చయప్ప కళాశాల అయినది. ఇందు మనము గ్రహింపవలసిన నీతి యేమన, దాత మనస్సు మంచిదగుట ఒక్కటియే చాలదు. ఇచ్చిన ధనమునకు కావలి యుండవలెను, లెక్క యుండవలెను, ఉద్దేశము స్పష్టముగా వ్రాతలో నుండవలెను. ఈ మూడును లేని నిధి దాత పోయిన మఱునాడే దారి తప్పును.

రెండవది సర్ పిట్టి త్యాగరాయ శ్రేష్ఠిగారి చరిత్ర. ఆయన మనవాడు, నేతపని చేయు దేవాంగ కులమున పుట్టిన తెలుగువాడు. ఆయన చెన్నపురి నగరసభకు అధ్యక్షుడుగా నున్న 1920వ సంవత్సరమున, థౌజండ్ లైట్స్ ప్రాంతపు నగరసభ పాఠశాలలో పేదపిల్లలకు ఫలాహారము పెట్టుటకు తీర్మానము జరిగినది. ఒక్కొక్క పిల్లవానికి రోజునకు ఒక అణాకు మించరాదని నియమము. అణా యనగా రూపాయిలో పదునాఱవ వంతు. ఆ స్వల్ప వ్యయముతో, ఆకలిచే బడికి రాని పిల్లలు బడికి రాసాగిరి. పథకము మఱికొన్ని పాఠశాలలకు వ్యాపించినది. అయితే 1925లో, ప్రాథమిక విద్యానిధినుండి ఈ వ్యయము చేయరాదని ప్రభుత్వము ఆక్షేపింపగా, పిల్లల యెదుటనుండి ఆకు తీసివేసినట్లయినది. అయినను ఆ విత్తనము చావలేదు. 1956లో కామరాజుగారు ముఖ్యమంత్రిగా నున్నపుడు మధ్యాహ్న భోజనము రాష్ట్రమంతట వ్యాపించినది. 1982లో ఇంకను విస్తృతమైనది.

ఈ చరిత్రలో రెండు నీతులు గలవు. నిలకడగా ప్రతిదినము ఇచ్చు అణా, ఒక్కసారి వెదజల్లు రూపాయికంటె ఎక్కువ పని చేయును. ఇది మొదటి నీతి. ఒకే చేతినుండి వచ్చు ధనముపై నిలిచిన పని, ఆ చేయి ముడుచుకొనిన దినమున కూలును. ఇది రెండవది.

మూడవది దుర్గాబాయమ్మగారి చరిత్ర. రాజమహేంద్రవరమున పుట్టిన ఆమె 1937లో, ముప్పదియేండ్లయినను నిండని వయస్సున, మైలాపూరున ఆంధ్ర మహిళా సభకు అంకురార్పణ చేసిరి. చదువు మధ్యలో ఆగిపోయిన బాలికలను, వితంతువులను చేరదీసి, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు చదివించి పంపిరి. తానును ఆ త్రోవనే ప్రైవేటుగా చదివి పైకి వచ్చిన వ్యక్తియగుటచే, ఆ బాలికలకేమి కావలెనో ఆమె నెవ్వరును అడిగి తెలిసికొననక్కఱలేకపోయెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి యేర్పడగా, దానికి ఆమెయే తొలి అధ్యక్షురాలయిరి. దేశమంతటి స్వచ్ఛంద సేవాసంస్థలకు ఆ మండలి ద్వారా ప్రభుత్వ గ్రాంటులు లభించినవి. చదువు ఆగిన స్త్రీలకు స్వల్పకాలములో పరీక్షకు తయారుచేయు సంగ్రహ విద్యాక్రమము 1958లో ఆ మండలిచే ఆరంభింపబడినది. మైలాపూరున కొలదిమంది బాలికలకు చేసిన పని, కాలక్రమమున దేశవ్యాప్తమైన పథకమైనది. యువజనులకు చేయు సేవలో యువజనులే ముందుండిన ఎంతటి ఫలము కలుగునో ఇందుకంటె వేఱు నిదర్శనము కావలెనా?

ఆర్యులారా! ఇక మన సంగతికి వత్తము. మన సంఘములు యువజనులకు చేయుచున్న సాయమెట్టిది? పరీక్షా ఫలితములు వెలువడిన పిమ్మట ఒక ఆదివారమున సభ చేయుదుము. తొంబదికి పైగా మార్కులు తెచ్చుకొనిన వారిని వేదికపైకి పిలిచి, శాలువ కప్పి, బహుమానమిచ్చి, ఛాయాచిత్రము తీయింతుము. నేను దీనిని నిందింపను. మంచి చదువును మెచ్చుకొనుట పెద్దల ధర్మము. కాని ఆ పిల్లవాడు మన బహుమానము లేకున్నను చదువుకొనును. తొమ్మిదవ తరగతిలో బడి మాని, దుకాణమున పొట్లములు కట్టుచున్న పిల్లవాని పేరు మన పట్టికలో నెక్కడ నున్నది?

మఱియొక చేదుమాట చెప్పుదును, క్షమింపుడు. తెలుగువారనగానే మనకు వ్యాపారులు, వైద్యులు, న్యాయవాదులు, చలనచిత్ర ప్రముఖులు జ్ఞప్తికి వత్తురు. ఈ మహానగరపు వీధులను తరతరములుగా ఊడ్చి శుభ్రపఱచుచున్న పారిశుద్ధ్య కార్మికులలో ఎందఱో ఇంట తెలుగు మాటలాడువారే. నెల్లూరు సీమనుండి, ఆ చుట్టుపట్టులనుండి వచ్చి, ఉత్తర చెన్నపురిలో నాలుగైదు తరములుగా స్థిరపడిన కుటుంబములవి. అటులనే షోలాపురపు మగ్గములపై బట్టలు నేసినవారు తెలుగు పద్మశాలీలు. ఖరగ్‌పూరు రైలు కార్ఖానాలలో చెమటోడ్చినవారిలో వేలకొలది తెలుగువారు. ముంబయి కామాఠిపురమునకు ఆ పేరు వచ్చినది తెలుగునాటినుండి పోయిన కామాఠీ కూలీలవలననే. మన సంఘ సభ్యత్వ పట్టికలో వారి పేర్లు ఎన్ని యున్నవో లెక్కింపుడు. భాష పేరిట సంఘము పెట్టుకొనిన మనము, ఆ భాషయే ఆస్తిగా గల పేదలను విడిచిపెట్టితిమేని, మన సంఘము నాలుగు వీధుల బంధువర్గముగానే మిగిలిపోవును.

అట్టి వీధులలోని పిల్లలకు కావలసినదేమి? ఇల్లు ఒక్క గది, అందు అయిదాఱుగురు, చదువుకొనుటకు చోటు లేదు. కావున మొదట కావలసినది చోటు: సాయంకాలము ఆఱు గంటలనుండి తొమ్మిది వఱకు వెలుతురు, గాలి, త్రాగునీరు గల ఒక పఠనమందిరము. రెండవది, లెక్కలును ఇంగ్లీషును ఓపికతో చెప్పగల ఒక గురువు. మూడవది, దరఖాస్తులు నింపిపెట్టు ఒక చేయి. ఈ మూడవదానిని మనము చిన్నచూపు చూతుము. ప్రభుత్వ విద్యార్థివేతనములు గలవు, వసతిగృహములు గలవు. కాని ఆదాయపు ధ్రువపత్రము, కులపత్రము, బ్యాంకి ఖాతా, ఆధారు అనుసంధానము, గడువుతేదీ అను ముళ్ళకంపలు దాటలేక ఎందఱో వాటికి దూరమగుచున్నారు. ఒక సాయంకాలము దగ్గఱ కూర్చుండి దరఖాస్తు పూర్తిచేయించిన వ్యక్తి, మన బహుమానమునకు పలురెట్ల ధనమును ఆ బాలునికి ఏటేట సమకూర్చిపెట్టినవాడగును.

నాల్గవది మన భాష. తమిళనాట 2006లో చేయబడిన శాసనము ప్రకారము తమిళము ఒకటవ తరగతినుండి క్రమముగా నిర్బంధ పాఠ్యభాషగా వచ్చి, 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానముల నాశ్రయించి కొన్ని యేండ్లు మినహాయింపులు పొందిరి. తమిళము మనకు పరాయిది కాదు. అది మన వీధి భాష, మన బ్రదుకు భాష. మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలెను. కాని అమ్మమ్మ వ్రాసిన ఉత్తరము మనుమరాలు చదువలేని దినము వచ్చినచో, అందుకు శాసనమును మాత్రమే నిందించి ప్రయోజనము లేదు. రాజ్యాంగపు 29, 30 అధికరణములు భాషను కాపాడుకొను హక్కును, విద్యాసంస్థలు నెలకొల్పుకొను హక్కును మనకిచ్చినవి. గ్రాంటు ఇచ్చునపుడు అల్పసంఖ్యాకుల సంస్థయను కారణమున వివక్ష చూపరాదని 30వ అధికరణమే పలుకుచున్నది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని 1956లో చేర్చిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. హక్కు కాగితముపై నున్నది. దానిని వాడుకొను గది మనకు కావలెను. అదే పఠనమందిరమున వారమునకు రెండు సాయంకాలములు తెలుగు ఓనమాలు చెప్పింపవచ్చును.

దీనికి వ్యయమెంత? అంకెలు చూతము. స్థలమును సభ్యులలో ఎవరో ఒకరు ఉచితముగా నిచ్చిరనుకొందము. గురువునకు నెలకు 10,000 రూపాయల గౌరవవేతనమైనచో ఏడాదికి 1,20,000. ఈ సొమ్ము వడ్డీగా రావలెనన్న, నూటికి ఏడు వంతున 17 లక్షలకు పైగా మూలధనము కావలెను. అంత పోగుచేయుటకు పదియేండ్లు పట్టవచ్చును. ఆలోపల నేటి పిల్లలు పెద్దవారై పోదురు. మఱి వేఱొక లెక్క చూడుడు. నూఱు కుటుంబములు నెలకు నూఱేసి రూపాయలిచ్చినచో అదే 10,000 వచ్చును. నూఱు కుటుంబముల నెలచందా, 17 లక్షల నిధితో సమానమైన పని చేయుచున్నదన్నమాట! పైగా, ఒక్క దాత మనసు మార్చుకొనినను దీపమాఱదు. ఏబదిమందికి రెండేసి వేల చొప్పున బహుమానములిచ్చు వార్షికసభకు లక్ష రూపాయలగును. హాలు అద్దె, పూలమాలలు, భోజనములు అదనము. ఇంచుమించు అదే వ్యయముతో ఏడాది పొడుగున ఒక గురువు పనిచేయును.

వెలుపలి ధనమును గూడ మనము కోరవచ్చును. పెద్ద కంపెనీలు తమ మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సామాజిక కార్యములకు వెచ్చింపవలెనను నియమము 2014లో అమలునకు వచ్చినది. కాని ఆ ధనము కోరు సంస్థకు రిజిస్ట్రేషను కావలెను, ఆడిటు చేసిన లెక్కలు కావలెను, ఆదాయపు పన్ను శాఖ అనుమతి కావలెను. ధర్మసంస్థ తన ఆదాయములో నూటికి 85 పాళ్ళు ధర్మకార్యమునకే వినియోగింపవలెనని పన్ను చట్టము చెప్పుచున్నది. రెండువేలకు మించిన నగదు విరాళమునకు దాతకు పన్ను తగ్గింపు రాదు. కావున చెక్కుగానో, బ్యాంకి ద్వారానో తీసికొని రసీదు ఇచ్చు అలవాటు మనము చేసికొనవలెను. లెక్కలు సరిగా లేనివారు తలుపు తట్టినను లోపలికి పిలుచువారుండరు.

కావున సభవారికి అయిదు సూచనలు మనవి చేయుచున్నాను. ఈ యేటి బహుమాన నిధిలో సగమును పఠనమందిరమునకు కేటాయింపుడు. ఆ మందిరము మన ఇండ్ల చెంత గాక, ఉత్తర చెన్నపురిలోని శ్రామికుల వీధులలో ముందుగా తెఱువుడు. దానిని కనీసము మూడేండ్లు నడిపెదమని వ్రాతపూర్వకముగా మాట ఇండు. ఆదాయవ్యయములను మూడు నెలల కొకసారి మందిరపు గోడపై తెలుగునను తమిళమునను అంటింపుడు. నిర్వాహక సంఘమున ఇరువదియైదేండ్లలోపువారు ఇద్దఱుండవలెను. అందొకరు ఆ వీధి పిల్లయే కావలెను. ఇచ్చువారము మనమైనను, కావలసినదేమో తెలిసినవారు వారే.

షోలాపురమునను, బెంగుళూరునను, బరంపురమునను, యానామునను ఈ పత్రిక చదువు సోదరులకు గూడ ఇదియే నా విన్నపము. మీ యూరి లెక్కలు వేఱుగా నుండవచ్చును. గది మాత్రము అదే, దీపము మాత్రము అదే.

మన తాతలు ఈ పట్టణమునకు వచ్చినపుడు ఎవరో ఒకరు వారికి నిలువ నీడనిచ్చిరి. ఆ ఋణము తీర్చుట కిచ్చువారి పేర్లతో శిలాఫలకము చెక్కింపనక్కఱలేదు. ఈ రాత్రి ఇండ్లకు పోవునపుడు ద్వారముకడ నున్న పుస్తకమున, నెలకు నూఱు రూపాయలకు మీ పేరు వ్రాసి పొండు. నూఱు పేర్లు నిండిన మఱునాడే గది తాళము తీయుదము.