ద్వీపములో వేసవి, దీపము చుట్టు పాట



వేసవి యనగా ఈ సీమవారికి ముందు తోచునవి నాపబండల నుండి లేచు సెగ, అడుగు కనబడిన బావి. కాళిదాసు ఋతుసంహారమును గ్రీష్మముతోనే ఆరంభించినాడు. ఆ కావ్యములోని మాసములు చెల్లని చోట గూడ తెలుగువారు కలరు. హిందూమహాసముద్రములోని మారిషస్ అట్టిది. ఇరుప్రక్కల నీరు గలది ద్వీపమని వ్యుత్పత్తి. దీనికి నలుదిక్కుల నీరే. వైశాల్యము సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు, ఎకరముల లెక్కన నాలుగు లక్షల అరువదివేలు. 2022కు ముందటి కడప జిల్లాలో ఇది యెనిమిదవ వంతు.

భూమధ్యరేఖకు దక్షిణమున 20 డిగ్రీల దూరమున నుండుటచే అక్కడ ఋతువులు తలక్రిందులు. వేసవి నవంబరున మొదలై ఏప్రిలు వఱకుండును. ఇక్కడ కార్తిక దీపములు వెలిగించు వేళ అక్కడ ఎండలు ముదురును. ఇక్కడ వైశాఖమున ఎఱ్ఱబాఱు తురాయిచెట్టు అక్కడ డిసెంబరులో పూచును. ఆ చెట్టు పుట్టినిల్లు మారిషసునకు పొరుగుననున్న మడగాస్కరు. ఇక్కడి బాటల ప్రక్క నిలిచినది దూరపు చుట్టమే. మామిడి, లిచీ పండ్లు అంగళ్లకు వచ్చుటయు ఆ నెలలోనే.

కర్నూలు ఎండ నెఱిగినవారికి అక్కడి వేడి వేడిగా తోపదు. కాని గాలిలో తేమ మిక్కుటము. ఉతికిన బట్ట ఒకంతట ఆఱదు. వర్షము గూడ వేసవిలోనే అధికము. సాలీనా సగటున 2,000 మిల్లీమీటర్లు కురియును; ఇక్కడ 700 నిండని యేండ్లు తఱచు. అయినను అసూయపడ బనిలేదు. ఆ మబ్బుల వెంటనే తుపానులును వచ్చును. 1960 ఫిబ్రవరిలో వచ్చిన కేరల్ తుపానుకు వేలకొలది యిండ్లు కూలినవి. సిమెంటు కప్పుల యిండ్లు విరివిగా వెలసినది ఆ తరువాతనే. ఇక్కడ మబ్బు కొఱకు ఎదురుచూచు కన్ను, అక్కడ మబ్బును చూచి బెదరును.

వేసవి ఆదివారములలో కుటుంబములు వంటపాత్రలతో సముద్రపుటొడ్డునకు పోయి సరుగుడు చెట్ల నీడను దిగును. భోజనమైన పిమ్మట ‘సెగా’ పాట మొదలగును. ఆఫ్రికా, మడగాస్కరుల నుండి తేబడిన బానిసలు తమ దుఃఖమును పాడుకొనిన పాట యిది. 2014లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వముగా గుర్తించినది. పాదములు ఇసుకను విడువక జరుగుచుండగా నడుము, చేతులు ఆడును. వాద్యము ‘రవాన్’ అను మేకతోలు చట్రము. వాయించుటకు ముందు దానిని మంటకు కాచి తోలు బిగియింతురు. ఇక్కడి జాతరలలో తప్పెటను చితుకుల మంట చుట్టు త్రిప్పుట చూచినవారికి ఈ పని వేఱుగ వివరింప నక్కఱలేదు.

తెలుగువారు అక్కడికి పోయినదియు ఆ బానిసల పని చేయుటకే. బానిసత్వము 1835లో రద్దయినది. చెఱకుతోటల దొరలు 1834 నుండియే భారతీయులను ఒప్పందపు కూలీలుగా రప్పింప నారంభించిరి. అట్లు దిగినవారు నాలుగు లక్షలకు మించిరి. అందులో తెలుగువారు చాలవఱకు ఉత్తరపు కోస్తా, గోదావరి ప్రాంతములవారు. కోరంగి రేవును బట్టి వారికి ‘కోరంగీలు’ అను పేరు పడినది. కాలక్రమమున చేనిలో, అంగడిలో, తుదకు ఇంటిలో గూడ క్రియోలు భాష చేరి, తెలుగు నోటినుండి జాఱినది.

జాఱనిది రామభజన. నడుమ దీపము నిలిపి, చుట్టును తిరుగుచు, ఒకరు పలుకగా తక్కినవారందుకొనుచు రాత్రియెల్ల పాడుదురు. ఇక్కడి చెక్కభజన దీపము చుట్టు అడుగు వేయునట్లే. అర్థము తెలియని పాట చిలుకపలుకు గదా యని పండితులు పెదవి విఱువవచ్చును. అది తొందరపాటు. ఒంటరిగా మాటలాడువాడు మఱచిన మాటను అందించువారుండరు. వలయములో ఒకడు మఱచినది ప్రక్కవాడందించును. తల్లిభాష ఇంట నిలువక భజనలో నిలుచుటకు హేతువు ఇదియే కాబోలు. పిదప అక్షరములును వచ్చి చేరినవి. 1970లో వెలసిన మహాత్మాగాంధీ సంస్థలో తెలుగు బోధింపబడుచున్నది. పాఠశాలలలో బాలురు నేర్చుచున్నారు. ఉగాది ఆ దేశమున ప్రభుత్వపు సెలవుదినము. అర్థమెఱిగిన ఈ సీమ పల్లెలలో మాత్రము కొన్నిచోట్ల చెక్కలు అటుకెక్కినవి. గుడిమీది మైకు పాడుచున్నది.

చైత్రము వచ్చుసరికి ఇక్కడ ఎండ మొదలగును, అక్కడ వేసవి తగ్గుముఖము పట్టును. శ్రీరామనవమి మాత్రము ఇరుచోట్ల ఒకటే. ఒంటిమిట్టలో కోదండరాముని కల్యాణము వెన్నెలలో జరుగును. ఆ రాత్రి అక్కడ ఆకాశమధ్యమునకు వచ్చిన చంద్రుడు, సుమారు గంటన్నర గడచిన పిదప మారిషసు మీదికి వచ్చును.