స్వాధీనం, అనుభవం, హక్కు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రెవిన్యూ శాఖలో పనిచేసినవాణ్ణి కనుక ఆస్తి కాగితాల్లోని మాటల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. అందరికీ తెలిసిన మాటలే. కాని ఒకదాని చోట ఇంకొకటి పడితే ఉన్న ఇల్లు చేజారవచ్చు.

1800లో నిజాం కడప, బళ్లారి, అనంతపురం సీమలను, కర్నూలులో కొంత భాగాన్ని కంపెనీకి వదులుకున్నాడు. అప్పటినుంచి 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరు. పొలాలు కొలిపించి, రైతే నేరుగా శిస్తు కట్టే రైత్వారీ పద్ధతికి బాట వేశాడు. ఆ పద్ధతిలో స్థిరపడినవే మనకు తెలిసిన పట్టా, అడంగలు. భూమి ఎవరి పేరనో పట్టా చెబుతుంది. ఈ ఏడు ఆ చేనులో ఎవరు ఏ పైరు పెట్టారో అడంగలు చెబుతుంది. చేను గుత్తకో కోరుకో ఇచ్చామంటే పట్టా మనది, సాగు ఇంకొకరిది. హక్కు వేరు, అనుభవం వేరు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

కబ్జా అరబ్బీ మాట. పట్టు అని అర్థం. తెలంగాణ పహాణీల్లో కబ్జాదారు అంటే భూమి ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి, అంతే. నేటి వాడుకలో ఆ మాటకు దౌర్జన్యం అంటుకుంది. మన జిల్లాల్లో ప్రభుత్వ భూమిని అనుమతి లేక దున్నితే శివాయి జమా అని రాసి, బి మెమో ఇచ్చి, జరిమానా వసూలు చేసేవారు. ఆ రసీదులనే పట్టాగా భావించి పెట్టెలో దాచుకున్నవారు ఎందరో. అది ఆక్రమణకు కట్టిన జరిమానాయే గాని హక్కుకు కట్టిన వెల కాదు.

ఇక ఖాళీ స్థలాల మాట. పరులు అనుభవిస్తుంటే చూస్తూ 20 ఏండ్లు ఊరకున్నవాడు భూమిని పోగొట్టుకుంటాడని యాజ్ఞవల్క్య స్మృతి ఏనాడో హెచ్చరించింది. 1963 నాటి కాలపరిమితి చట్టంలో ఆ గడువు 12 ఏండ్లు, ప్రభుత్వ భూమికైతే 30 ఏండ్లు. అయితే మన అనుమతితో ఉన్నవాడికి, అంటే అద్దెకున్నవాడికి, కాపలా ఉన్నవాడికి, ఎన్నేండ్లున్నా అంతమాత్రాన హక్కు రాదు. బహిరంగంగా, ఎడతెగకుండా, అసలు యజమాని హక్కును కాదని ఉన్నప్పుడే దానిని ప్రతికూల స్వాధీనం అంటారు. కనుక బాడుగకిచ్చినా, బంధువును ఉండమన్నా ఒక కాగితం రాయించుకోండి. పిల్లలు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉన్నా, ఏడాదికొకసారి స్థలం చూసి, పన్ను కట్టి రండి.

చివరిది మనబోటివారికి అన్నిటికన్నా ముఖ్యం. పిల్లల పేర ఇల్లు రాసేటప్పుడు దస్తావేజు లేఖరి అలవాటుగా "నేడే మీ స్వాధీనం చేయడమైనది" అని రాస్తాడు. ఆ ఒక్క వాక్యంతో కన్నవారు సొంత ఇంట్లో అతిథులవుతారు. "మా ఇద్దరి జీవితాంతం నివాసం, అనుభవం మావే" అని రాయించండి. అలా రాస్తే దానం చెల్లదేమోనన్న శంక వద్దు. మన హైకోర్టు నుంచి వెళ్ళిన కేసులోనే 2014లో సుప్రీంకోర్టు అటువంటి దానం చెల్లుతుందని తేల్చింది. పోషణ చూడాలన్న షరతు కూడా దస్తావేజులోనే ఉండాలి. 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షను కింద, ఆ షరతు తప్పితే దస్తావేజు రద్దు చేయమని ఆర్.డి.ఓ. గారి ట్రిబ్యునల్‌ను కోరవచ్చు.

ఇది పిల్లల మీద అపనమ్మకం కాదు. ప్రేమను మనసులో ఉంచుకుందాం, షరతును కాగితం మీద ఉంచుదాం. సంతకం పెట్టేముందు కళ్ళద్దాలు పెట్టుకొని ప్రతి మాటా చదవండి. చదవలేకపోతే చదివించుకొని వినండి.