ప్రవాసుల వకాల్తా పుచ్చుకున్న విజయలక్ష్మీ పండిట్

1860 నవంబరు 16న మద్రాసు కూలీలతో ‘ట్రూరో’ ఓడ డర్బన్ రేవు చేరింది. ఆ తర్వాత విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్లెందరో ఒప్పంద కూలీలుగా నేటాల్ చెరకు తోటలకు వెళ్లారు. వాళ్ల మనవలు ఎక్కడ స్థలం కొనవచ్చో, ఎక్కడ కొనకూడదో గిరి గీస్తూ 1946లో దక్షిణాఫ్రికా ఒక చట్టం చేసింది. ఆ ఏడాదే వాళ్ల గోడును ఐక్యరాజ్యసమితిలో వినిపించారు విజయలక్ష్మీ పండిట్. ప్రవాసులు కొలువుతీరిన ఈ సభలో ముందుగా తలుచుకోవలసిన పేరు ఆమెదే.

నెహ్రూ చెల్లెలు కాబట్టే పదవులు దక్కాయంటారు. పుట్టింటి పేరు దారి చూపిన మాట నిజమే, నడిచింది మాత్రం ఆమే. 1937లో యునైటెడ్ ప్రావిన్సెస్‌లో స్థానిక స్వపరిపాలన, ప్రజారోగ్య శాఖల మంత్రి అయ్యారు. స్వాతంత్ర్యోద్యమంలో మూడుసార్లు జైలుకెళ్లారు. జైల్లో ఆరోగ్యం చెడిన భర్త రంజిత్ 1944 జనవరిలో పోయారు. ముగ్గురూ ఆడపిల్లలే, కొడుకుల్లేరు. నాటి చట్టాల వల్ల భర్త ఆస్తి విషయంలోనూ చిక్కులే ఎదురయ్యాయి.

మరుసటి ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో సమితి పురుడు పోసుకుంటుంటే, లోపల బ్రిటిష్ వాళ్లు ఎంపిక చేసిన ప్రతినిధులు కూర్చున్నారు. ఆమె బయట సభలు పెట్టి అసలు భారతదేశం తరఫున మాట్లాడారు.

1946లో లోపలికే వెళ్లారు, ప్రతినిధి బృందం నాయకురాలిగా. ఎదుట దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్స్. ఇది మా ఇంటి వ్యవహారం, మీకేం పని అన్నది ఆయన వాదం. మనిషిని మనిషిగా చూడకపోవడం ఒక్క ఇంటి వ్యవహారం కాదన్నది ఆమె వాదం. బ్రిటన్, అమెరికా వ్యతిరేకంగా ఓటేశాయి. అయినా డిసెంబరు 8న 32-15తో తీర్మానం నెగ్గింది, కావలసిన మూడింట రెండొంతుల మెజారిటీతో.

గెలిచాక ఆమె స్మట్స్ దగ్గరికి వెళ్లారు. గాంధీజీ కోరిన మర్యాదకు తన మాటల్లో ఎక్కడైనా లోటు జరిగితే మన్నించమని అడిగారు. ఆమె జీవితంలో ఇంతకన్నా ఎత్తైన ఘట్టం మరొకటి కనబడదు.

తర్వాత మాస్కో, వాషింగ్టన్, లండన్‌లలో రాయబారం నెరిపారు. 1953లో సమితి సర్వసభ్య సభకు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. 1977లో, డెబ్బై ఆరేళ్ల వయసులో, ఎమర్జెన్సీని సహించలేక సొంత మేనకోడలికి వ్యతిరేకంగా ప్రచారానికి దిగారు.

1990 డిసెంబరు 1న డెహ్రాడూన్‌లో కన్నుమూశారు. జాతిని బట్టి నేలను పంచిన దక్షిణాఫ్రికా చట్టాలు మరుసటి ఏడాది జూన్‌లో రద్దయ్యాయి.