నిస్సత్తువ జబ్బు – బలం మాత్రలు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. షుగరు, బి.పి.ల గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. కనుక ఎవరూ అంతగా పట్టించుకోని ఒక జబ్బు గురించీ, అది ఉన్నవాళ్ళు మింగే బలం మాత్రల గురించీ మనవి చేద్దామనుకున్నాము.

ఆ జబ్బు పేరు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. తెలుగులో దీర్ఘకాలిక నిస్సత్తువ అనుకోవచ్చు. అమెరికా వైద్యులు 1988లో ఈ పేరు పెట్టారు. ఆరు నెలలు దాటినా తగ్గని నిస్సత్తువ, ఎంత నిద్రపోయినా తీరని అలసట, కాస్త పని చేస్తే మర్నాటికి మంచం పట్టడం దీని ముఖ్య లక్షణాలు. మతిమరుపు, నిలబడితే కళ్ళు తిరగడం కూడా చాలామందిలో ఉంటాయి. 2020 తర్వాత కరోనా వచ్చి తగ్గినవారిలో కొందరికి ఇలాంటి బాధే మిగిలింది. ఇది సోమరితనం కాదు. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ పరిశోధనలన్నీ పరిశీలించి, ఇది నిజమైన, తీవ్రమైన జబ్బేనని చెప్పింది.

దీన్ని పూర్తిగా నయం చేసే మందు ఇంతవరకూ లేదు. చిక్కంతా ఇక్కడే వస్తుంది. మందు లేదన్న చోట డబ్బాలు వచ్చి చేరతాయి. మెడికల్ షాపులో ఒకటి ఇస్తారు, చుట్టాలు ఒకటి చెబుతారు, గల్ఫ్‌లో ఉన్న అబ్బాయి ప్రేమకొద్దీ రెండు పంపుతాడు. "విటమిన్లే కదండీ, మేలు చేయకపోయినా కీడైతే చేయవు" అంటారు. ఈ మాట సరికాదు.

ముఖ్యంగా గమనించవలసిన విషయమేమంటే, మాత్ర చేసే కీడు కూడా చూడటానికి ఈ జబ్బులాగే ఉంటుంది. విటమిన్ డి తీసుకోండి. లోపం ఉంటే డాక్టర్లు 60,000 యూనిట్ల మోతాదును వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. దాన్ని రోజూ వేసుకున్నా, నెలల తరబడి ఆపకుండా వేసుకున్నా రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. అప్పుడు దాహం, మలబద్ధకం, వాంతులు, తికమక, వీటితోపాటు నిస్సత్తువ! మూత్రపిండాలూ దెబ్బతినవచ్చు. ఈ విటమిన్ కొవ్వులో నిలవ ఉంటుంది కనుక, మాత్ర మానేసినా ఆ బాధ వెంటనే పోదు.

నరాల బలానికని వాడే బి-6 సంగతి ఇంకా విచిత్రం. మనకు రోజుకు కావలసింది సుమారు 2 మిల్లీగ్రాములు. రోజుకు 2 నుంచి 6 గ్రాములు మింగిన ఏడుగురికి నరాలే చెడి, నడక తడబడిందని 1983లో అమెరికా వైద్యులు ప్రకటించారు. అంతకన్నా తక్కువ మోతాదైనా చాలాకాలం వాడితే కాళ్ళు తిమ్మిరెక్కి మొద్దుబారవచ్చు. రోగి ఏమనుకుంటాడు? జబ్బు ముదిరిందనుకుని ఇంకో మాత్ర వేసుకుంటాడు!

జుట్టు రాలకుండా వాడే బయోటిన్ ఒంటిని కాకపోయినా రక్తపరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. థైరాయిడ్ ఫలితం తారుమారు కావచ్చు. నీరసం అనగానే చేయించే పరీక్షల్లో అదొకటి కదా! 2017లో అమెరికా ఔషధ శాఖ దీని మీద హెచ్చరిక చేసింది.

ఇనుము మాత్రలతో కడుపునొప్పి, మలబద్ధకం. మెగ్నీషియంతో విరేచనాలు రావచ్చు. ములేఠీ, అంటే అతిమధురం, ఎక్కువకాలం వాడితే బి.పి. పెరిగి, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. రంజాన్‌లో మాత్రలన్నీ సహరీకి ఒకేసారి మింగేవాళ్ళున్నారు. థైరాయిడ్ మాత్రకూ, కాల్షియం, ఇనుము మాత్రలకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగా పట్టదు.

1989లో అమెరికాలో నిద్ర కోసం, మనోవ్యాకులత కోసం ఎల్-ట్రిప్టోఫాన్ అనే మాత్రలు వాడినవారిలో 1,500 మందికి పైగా తీవ్రమైన కండరాల నొప్పులతో జబ్బుపడ్డారు. ముప్పై మందికి పైగా చనిపోయారు. చాలావరకు ఒకే తయారీదారు సరుకులో ఆ దోషం కనిపించింది. అవీ డాక్టరు చీటీ లేకుండా కొన్న మాత్రలే.

మన దేశంలో 2016 నాటి నిబంధనల ప్రకారం ఇలాంటి డబ్బా మీద ఇది మందుగా వాడేందుకు కాదని ముద్రించాలి. డబ్బా తిప్పి చూడండి, మీకే కనిపిస్తుంది.

అయితే మాత్రలన్నీ పారేయమని మేము చెప్పడం లేదు. పరీక్షలో బి-12, డి, ఇనుము లోపం తేలితే, డాక్టరు చెప్పినంత మోతాదు, చెప్పినన్ని రోజులు తప్పక వాడాలి. మేము కోరేది ఇంతే: డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ, హకీంగారిచ్చిన పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. రెండు మూడు డబ్బాల్లో అదే విటమిన్ ఉందేమో చూపించుకోండి. కొత్తవి ఒకేసారి నాలుగు మొదలుపెట్టకండి. ఒకటి మొదలుపెట్టి, ఆ తేదీ, ఆ తర్వాత కనిపించిన మార్పు పుస్తకంలో రాసుకోండి. అలా చేస్తే ఏది జబ్బో, ఏది మాత్ర తెచ్చిన బాధో తెలుస్తుంది. ఇనుము మాత్రలు చిన్నపిల్లలు మింగితే ప్రాణాపాయం. వాటిని అందనిచోట పెట్టండి.

చివరగా ఇంట్లోవారికి ఒక మనవి. "లేచి నాలుగు పనులు చేస్తే అదే పోతుంది" అని రోగిని అనకండి. ఆ మాట పడలేకే చాలామంది త్వరగా లేవాలని దొరికిన మాత్రల్లా మింగుతున్నారు. వాళ్ళ మాట నమ్మండి, పనిలో కొంత మీరు పంచుకోండి, విశ్రాంతి తీసుకోనివ్వండి. డబ్బాల్లో దొరకని బలం అది.