స్వర్ణకారుని పీటయు సూక్ష్మదర్శినియు

(దుగ్గిరాల వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



  

కార్యదర్శిగారు నన్ను మన కులవృత్తుల ప్రాశస్త్యమును గూర్చి మాటలాడుమని కోరిరి. ఆ ప్రాశస్త్యమును ఈ వేదికనుండి ప్రతి సంవత్సరమును వినుచునే యున్నాము. మను, మయ, త్వష్టృ, శిల్పి, విశ్వజ్ఞుల పేరులు మన పిల్లలకు సైతము కంఠస్థములు. కావున నేడు ప్రాశస్త్యమును కొంచెము ప్రక్కనుంచి, ఒక చిన్న వస్తువును గూర్చి మనవి చేయదలచితిని. అది స్వర్ణకారుడు కూర్చుండు పీట. దానితో చేరిన మరియొక వస్తువు సూక్ష్మదర్శిని. మహాసభలో పీటను గూర్చి ఉపన్యాసమేమని కొందరు నవ్వవచ్చును. నడుము నొప్పి గలవారు మాత్రము నవ్వరని నా నమ్మకము.

మా తండ్రిగారు ఈ ప్రాంతముననే బంగారుపని చేసినవారు. వీధి అరుగుమీద జానెడైనను ఎత్తులేని పీటపై కూర్చుండి, ఎదుట కుంపటియు, ప్రక్కన దాకలియు, నోట ఊదుగొట్టమును ఉంచుకొని, ప్రొద్దు పొడిచినది మొదలు దీపము పెట్టువరకు పనిచేయుచుండెడివారు. 1963 జనవరిలో స్వర్ణ నియంత్రణపు ఉత్తరువులు వచ్చి, పదునాలుగు కారట్లకు మించిన బంగారముతో క్రొత్త నగలు చేయరాదని శాసించినప్పుడు దేశమంతట మనవారి కుంపట్లు చల్లారినవి. నాటికి నేను పసివాడను. ఆ కష్టమును పెద్దలు చెప్పగా వినినవాడనే. ఆ నియంత్రణమే 1968లో చట్టరూపము దాల్చి, 1990లో రద్దయినది.

ఆ కష్టమునుండి మా తండ్రిగారు ఎట్లో తేరుకొనిరి. కాని నలువదియైదవ యేట వచ్చిన రెండవ కష్టమునుండి తేరుకొనలేకపోయిరి. దానిని ఏ ప్రభుత్వమును తేలేదు. దగ్గరి చూపు మసకబారెను. కళ్లజోడు కొనిరి, కాని వాడలేదు. "ఆచారిగారికి చూపు తగ్గినది, ఇక ఆయనకు బంగారము ఇయ్యరాదు" అని జనులనుకొందురేమో యను జంకుతో దానిని పనిముట్ల పెట్టె అడుగున దాచిరి. కన్ను చూపలేనిదానిని మెడ వంచి చూడబోయిరి. రెండేండ్లలో మెడ పట్టెను, కుడిచేయి తిమ్మిరెక్కెను. ఏబదవ యేట పని మానిరి. ఒకనాటి సాయంకాలము నన్ను పిలిచి, "నాయనా, నీవు పుస్తకము పట్టుము, కుంపటి వద్దు" అనిరి. నేను సంస్కృతము చదివి బడిపంతులనైతిని. దానివలన నాకు నష్టమేమియు కలుగలేదు. కాని తరతరముల చేతిపని మా యింట అక్కడ తెగిపోయినది. దానిని తెంపినది స్వర్ణ నియంత్రణము కాదు. ఒక పొట్టి పీటయు, ఒక దాచిన కళ్లజోడును.

నేడు విచారించి చూడగా, మా తండ్రిగారికి వచ్చినది రోగము కాదని తెలియుచున్నది. నలువది యేండ్లు దాటిన ప్రతివానికిని కంటిలోని కటకము మెత్తదనమును కోల్పోవును. దగ్గరి వస్తువు స్పష్టముగా కానరాదు. దీనిని మనవారు చత్వారమందురు. చత్వారింశత్ అనగా నలువది, పేరులోనే వయస్సున్నది. దానికి సిగ్గుపడుట తల నెరసినందుకు సిగ్గుపడుట వంటిది. ఇక మెడ సంగతి. మనుష్యుని తల బరువు సుమారు ఐదు కిలోలు. నిటారుగా నున్నప్పుడు మెడ యెముకలు మోయునది అంతమాత్రమే. ముందునకు వంచినకొలది ఆ భారము పెరుగును. అరువది డిగ్రీలు వంచినచో మెడపై సుమారు ఇరువదియేడు కిలోల భారము పడునని 2014లో న్యూయార్కు శస్త్రవైద్యుడొకరు గణించి ప్రకటించిరి. రాయి పొదుగు మనవాడు దినమునకు ఎనిమిది గంటలు ఒక వడ్లబస్తాలో మూడవవంతును మెడమీద మోయుచున్నాడన్నమాట.

ఇది మన దేశమునకు మాత్రమే చెందిన బాధ కాదు. ఇటలీ దేశమున రామజ్జిని యను వైద్యుడు 1700లో వృత్తిరోగములను గూర్చి ఒక గ్రంథము వ్రాసి, అందు కూర్చుండి పనిచేయువారి రోగములకును, అతిసూక్ష్మమైన పని చేయువారి నేత్రబాధలకును వేరువేరుగా అధ్యాయములు కల్పించెను. 1857లో పోలండు దేశపు విద్వాంసుడొకడు గ్రీకు భాషనుండి పని, నియమము అను అర్థములు గల రెండు మాటలను కూర్చి ఎర్గొనామిక్స్ అని ఈ శాస్త్రమునకు పేరుపెట్టెను. మనము శ్రమానుకూల శాస్త్రమని చెప్పుకొనవచ్చును. పనికి మనుష్యుని వంచుట కాక, మనుష్యునికి తగినట్లు పనిని అమర్చుట దీని సారాంశము.

నేలమీద కూర్చుండి పనిచేయుట మన సంప్రదాయము కదా, దానిని విడువవచ్చునా యని పెద్దలు అడుగవచ్చును. నేలమీద కూర్చుండుట దోషము కాదు, వంగుట దోషము. భగవద్గీత ఆరవ అధ్యాయములో యోగి ఆసనము మిక్కిలి ఎత్తును మిక్కిలి పల్లమును కారాదనియు, శరీరమును మెడను తలను సమముగా నిలుపవలెననియు భగవానుడు ఉపదేశించెను. ధ్యానము చేయువానికి చెప్పిన నియమము, అంతకు తక్కువ ఏకాగ్రత చాలని పొదుగుడుపనివానికి ఏల వర్తింపదు? కౌటిల్యుని అర్థశాస్త్రమును చూడుడు. మైసూరు పండితులు శామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించిన ఆ గ్రంథమున, బంగారు వెండి పనులకు ఒకదానితోనొకటి చేరని నాలుగు శాలలును ఒకే ద్వారమును గల అక్షశాలను కట్టింపవలెనని సువర్ణాధ్యక్షునికి విధి యున్నది. అగసాలె యను మన మాట ఈ అక్షశాలనుండియే పుట్టినదని పండితులు చెప్పుదురు. అనగా మన పేరే పనిచేయు స్థలమునుబట్టి వచ్చినది. స్థలమును చక్కగా అమర్చుకొనుట సంప్రదాయ విరుద్ధమెట్లగును?

ఇక అనుభవములోని మాట చెప్పెదను. మా మేనల్లుడు తెనాలిలో రాళ్లు పొదుగు పని చేయుచున్నాడు. వానికిని మెడనొప్పి ఆరంభమైన దినమున నాకు మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి. ఇద్దరము కూర్చుండి ఒక బల్ల చేయింప నిశ్చయించితిమి. మన వడ్రంగి సోదరుడొకడు రెండంగుళముల మందము గల చెక్కతో చేసియిచ్చెను. ముందు అంచును అర్ధచంద్రాకారముగా కోసి, ఆ వంపులోనికి పనివాడు చొచ్చి కూర్చుండునట్లు అమర్చెను. వంపు నడుమ చేతిపనికి ఆనికగా చిన్న చెక్కయొకటి ముందుకు పొడుచుకొని యుండును. వంపు క్రింద తోలుసంచి వ్రేలాడును. ఆకురాయి పెట్టినప్పుడు రాలు బంగారు రజనంతయు దానిలో పడును. చేటతో అరుగు ఊడ్చి, బూడిద కడిగి రజను వెదకుకొను శ్రమ తగ్గును. ఇట్టి బల్లలు ఐరోపా స్వర్ణకారులలో నాలుగు వందల యేండ్లకు పూర్వమే వాడుకలో నున్నవి.

ఎత్తు ఎంత యని అందరును అడుగుదురు. అంగుళముల లెక్క ఒకనికి సరిపడినది మరియొకనికి సరిపడదు. మోచేయియే కొలబద్ద. పాదములు నేలకు ఆని, వీపు నిటారుగా నుంచి, భుజములు సడలించి కూర్చుండి మోచేతిని వంచవలెను. సన్నని పని ఆ మోచేతి మట్టమునకు రెండు మొదలు నాలుగు అంగుళములు ఎత్తున నుండవలెను. మోచేతులకు ఇరుప్రక్కల ఆనిక యుండవలెను. సుత్తిపని యట్లు కాదు; అది మోచేతికి నాలుగైదు అంగుళములు దిగువన నుండవలెను. కావున ఒకే బల్లపై రెండు పనులును చేయరాదు. దాకలిని వేరుగా తక్కువ ఎత్తు దిమ్మెపై నుంచితిమి. దీనివలన మరియొక లాభము: సుత్తిదెబ్బ సూక్ష్మదర్శినిని కదలింపదు.

సూక్ష్మదర్శిని విషయములో మేము మొదట మోసపోతిమి. తప్పు మా తొందరపాటుదే. కళాశాలలో ఆకు పొరలను చూచు యంత్రము తక్కువ ధరకు దొరకినదని కొంటిమి. అందులో బొమ్మ తలక్రిందులుగా కనబడును. చేయి ఎడమకు కదల్చిన కుడికి పోయినట్లుండును. కటకమునకును వస్తువునకును నడుమ గోరు పట్టు చోటైనను లేదు; చీరణమెట్లు పట్టవచ్చును? దానిని మా వీధి బడిపిల్లలకు ఇచ్చివేసితిమి.

మనకు కావలసినది రెండు కన్నులకు రెండు వేరు దారులు గల సూక్ష్మదర్శిని. హొరేషియో గ్రీనో అను ప్రాణిశాస్త్రజ్ఞుని సూచనపై జర్మనీలోని జైసువారు 1890ల దశకమున దీనిని నిర్మించిరి. ఇందు బొమ్మ నిటారుగా నుండును, లోతును కనబడును. వాడుకలోనున్న రకము ఏడు మొదలు నలువదియైదు రెట్లు పెద్దదిగా చూపును. వస్తువునకును కటకమునకును నడుమ సుమారు నాలుగంగుళముల ఎడముండును. క్రింద అరవంతు కటకమును చేర్చినచో రెట్లు సగమగును, కాని చూచు మేర రెట్టింపగును. ఎడము ఆరంగుళములకు మించును. పట్టకారు, చీరణము ఆడించుటకు ఆ చోటు చాలును. ఎక్కువ రెట్లు చూపునదే మంచిదనుకొనుట పొరపాటు. రెట్లు పెరిగినకొలది చూపు మేర తగ్గును, లోతు తగ్గును, చేతి వణకు పెరిగినట్లు కనబడును. పొదుగుడుపని చాలవరకు తక్కువ రెట్లతోనే జరుగును. పరీక్షించునప్పుడు మాత్రము ఇరువది రెట్లకు పోవుదురు.

అమర్చు క్రమమొకటి కలదు. మొదట కన్ను, తరువాత పని, చివర చేయి. ముందుగా నిటారుగా కూర్చుండి, కన్ను ఉన్నచోటికి యంత్రమును దింపవలెను గాని, యంత్రమున్నచోటికి కన్నును వంపరాదు. తరువాత స్పష్టముగా కనబడు ఎత్తునకు పనిచెక్కను జరుపవలెను. పిదప మోచేతుల ఆనికను సరిచేయవలెను. మా మేనల్లుడు ఈ క్రమమును తలక్రిందులు చేసి, యంత్రము వచ్చిన నెలకే మెడనొప్పి హెచ్చినదని నిందించెను. యంత్రమును నాలుగంగుళములు పైకెత్తగా నొప్పి తగ్గెను. మన కమ్మరి సోదరుడు చేసియిచ్చిన ఇనుపచేయి బల్లకు బిగింపబడి దానిని మోయుచున్నది. దీపకాంతి తిన్నగా పడినచో బంగారము తళుక్కున మెరసి కన్నును కొట్టును. పలుచని తెల్లకాగితమును అడ్డముంచిన చాలును. ఇరువది నిమిషముల కొకమారు తల యెత్తి వాకిటి చెట్టును చూడవలెను.

యంత్రము చేయజాలనిది కూడ చెప్పుట ధర్మము. అది శుక్లమును తీయదు. దానికి కంటివైద్యుడే గతి. అది చేతికి పని నేర్పదు. పైగా గర్వమును అణచును. మేనల్లుడు తాను నునుపుగా చేసితిననుకొనిన ఉంగరమును మొదటిసారి దాని క్రింద నుంచగా, అది దుక్కి దున్నిన చేనువలె కనబడినది. ఆ రాత్రి వానికి నిద్రపట్టలేదు. కాని ఆరు నెలలకు వాని చేతిలో రాయి కదలిన నగ ఒక్కటియు తిరిగి రాలేదు.

ఇది ఇప్పుడే ఏల అవసరమనగా, కాలము మారినది. 2021 జూన్ నుండి హాల్‌మార్కు నిర్బంధమాయెను; 2023 ఏప్రిల్ నుండి ఆరు అక్షరాంకముల గుర్తు లేని హాల్‌మార్కు నగను దుకాణములలో అమ్మరాదు. బంగారపు స్వచ్ఛతను ఆ గుర్తు చెప్పును; చెప్పవలసిన పని మనకు లేదు. పోతపోసిన నగలను యంత్రములు వేలకొలది దింపుచున్నవి. వానితో ధరలో పోటీ పడలేము. మనకు మిగిలినది పనితనమొక్కటే. ఆ పనితనము ముప్పది యేండ్ల అభ్యాసముతో పండునప్పటికి కన్ను ఎండిపోవుచున్నది. చెట్టు కాపునకు వచ్చిన సంవత్సరమే దానిని కొట్టివేయుటకంటె నష్టమేమి కలదు?

కావున ఈ సభకు మూడు మనవులు. మొదటిది: మన సంఘము పక్షమున దుగ్గిరాలలోనైనను తెనాలిలోనైనను ఒక గదిలో రెండు బల్లలు, ఒక సూక్ష్మదర్శిని ఏర్పాటు చేయవలెను. పెద్దలు పనిచేసికొందురు, పిల్లలు నేర్చుకొందురు. ఈ సంచికలో పూర్తిపుట ప్రకటన లిచ్చు పోషకులును, వేదికపై శాలువలు కప్పు మహాశయులును, ఒక్క సంవత్సరము ఆ ద్రవ్యమును దీనికి మరలింతురుగాక. రెండవది: 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున పదునెనిమిది వృత్తులలో స్వర్ణకార వృత్తియు చేరినది. పనిముట్లకు పదునైదువేల రూపాయల సాయమును, ఐదు శాతము వడ్డీకి మొదట లక్ష రూపాయల ఋణమును అందు కలవు. దరఖాస్తు వ్రాయలేనివారికి నేను వ్రాసిపెట్టెదను. ఆదివారము ఉదయము మా యింటి అరుగు అందుకు తెరచియుండును. మూడవది ఖర్చులేనిది: కళ్లజోడును దాచకుడు. పెట్టుకొని పనిచేయుడు.

ఒక్క మాట చెప్పి ముగించెదను. మా మేనల్లునికి పని నేర్పిన పెద్దాయన చూపు తగ్గి ఎనిమిదేండ్లుగా పని మానియున్నారు. ఒకనాడు చూడవచ్చి, మొగమాటముతో ఆ బల్లయొద్ద కూర్చుండి, కటకములలోనికి చూచిరి. చాలసేపు మాటలాడలేదు. తరువాత చేయి చాచి, "చీరణమిటు ఇయ్యరా" అనిరి. ఆ చేయి వణకలేదు. నేను ప్రక్కన నిలుచుండి, నా తండ్రిగారికి ఈ బల్ల దొరకియుండినచో నేను ఏమైయుందునో యని ఆలోచించితిని. నాకు దొరకనిది మీ పిల్లలకు దొరకునట్లు చేయుడని ప్రార్థించుచున్నాను.