బ్యారెల్ అయిపోయిందా? ముందు కొలిచి చూడు

ఉస్మాన్‌గంజ్‌లో మా మేడ మీద రూమ్ నుంచి మాట్లాడుతున్నా. కింద లారీలోంచి బస్తాలు దింపుతున్నారు, ఆ చప్పుడు మైక్‌లో వస్తే కొంచెం సర్దుకోండి.

ఒక చెల్లె మెసేజ్ పెట్టింది. పాయింట్ టూ టూ రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్ ఆడుతుందట. వరసగా మూడు మ్యాచ్‌ల్లో స్కోర్ పడింది. రేంజ్‌లో అందరూ "బ్యారెల్ అయిపోయింది, కొత్తది వేయించు" అంటున్నారు. నాన్న దుకాణం మీద అప్పు తెస్తానంటున్నాడు. "అన్నా, మార్చాలా?" అని అడిగింది.

ఇప్పుడే వద్దు చెల్లె. ఎందుకో చెప్తా.

ముందు ఏ రైఫిల్ అన్నది చూడాలి. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్రాంజ్ గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో, 701.1 స్కోర్‌తో. అదే ఒలింపిక్స్‌లో 50 మీటర్లు కూడా ఆడాడు. రెండూ రైఫిళ్లే, కానీ బ్యారెల్ లోపల జరిగేది వేరు. ఎయిర్ రైఫిల్‌లో మెత్తటి సీసం పెల్లెట్‌ని గాలి తోస్తుంది, మంట లేదు. ఆ బ్యారెల్ అరగడం చాలా అరుదు. అక్కడ తేదీ చూసి మార్చాల్సింది గాలి సిలిండర్, దాని గడువు తయారీదారే చెప్తాడు. 300 మీటర్ల పెద్ద రైఫిల్‌లో మంట, వేడి ఎక్కువ. అక్కడ చాంబర్ ముందున్న భాగం కొన్ని వేల షాట్లకే కాలిపోతుంది. పాయింట్ టూ టూ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. మందు తక్కువ, బుల్లెట్ సీసం, అందుకే చాలా ఏళ్లు వస్తుంది. "ఇన్ని షాట్లు కొట్టావు కాబట్టి అయిపోయింది" అని లెక్క చెప్పేవాళ్లని నేనైతే నమ్మను.

మరి స్కోర్ ఎందుకు పడుతుంది? చాంబర్ ముందు కార్బన్ గట్టిగా పేరుకుంటుంది, సరిగ్గా క్లీన్ చేస్తే పోతుంది. యాక్షన్ స్క్రూలు లూజవుతాయి. సైట్ కదులుతుంది. అమ్యునిషన్ లాట్ మారుతుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు. బ్రాండ్ అదే, డబ్బా అదే, కానీ లాట్ నంబర్ మారితే అదే బ్యారెల్ వేరేలా కొడుతుంది. ఇంకా జాకెట్ బిగువు, భుజం, ఊపిరి, పరీక్షల టెన్షన్... బ్యారెల్‌ని అనుమానించడం వీటన్నిటికంటే సులువు, అంతే. యాప్ క్రాష్ అయిందని ల్యాప్‌టాప్ కొనం కదా? ఒక్కోటి మార్చి చూస్తాం. మా గంజ్‌లో తూకం తేడా వస్తే కాటా పడేయరు, ముందు ముద్ర ఉన్న తూకం రాళ్లు పెట్టి చూస్తారు.

రైఫిల్‌కి ఆ తూకం రాయి ఏంటంటే, వైస్ టెస్ట్. ముందు క్లీన్ చేయించి, స్క్రూలు సరైన టార్క్‌కి బిగించు. తర్వాత కోచ్ దగ్గరుండగా రైఫిల్‌ని వైస్‌లో బిగించి, ఒకే లాట్‌తో 10 షాట్ల గ్రూపులు కనీసం ఐదు కొట్టించు. ఒక్క గ్రూప్ చూసి తేల్చొద్దు, మంచి బ్యారెల్ కూడా ఒకసారి చెడ్డ గ్రూప్ ఇస్తుంది. తర్వాత ఇంకో రెండు మూడు లాట్లతో అదే చేయించు. 50 మీటర్ల టార్గెట్‌లో పది రింగ్ వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, బుల్లెట్ 5.6. వైస్‌లో గ్రూపులు ఆ పదిలోనే హాయిగా పడుతూ, నీ చేతిలో మాత్రం చెదిరితే బ్యారెల్ బాగానే ఉన్నట్టు. ఆ అప్పు డబ్బు కోచింగ్‌కి, మంచి లాట్‌కి పెట్టు. క్లీన్ చేశాక కూడా, ఏ లాట్ వేసినా, వైస్‌లోనే చెదురుతుంటే, పాత టార్గెట్లతో పోల్చినా గ్రూప్ పెద్దదైందని తేలితే, అప్పుడు మార్చాలి. బోర్‌స్కోప్‌లో గీతలు చూసి భయపడకు. లోపల అసహ్యంగా కనిపించే బ్యారెళ్లు కూడా బాగా కొడతాయి.

అలాగని "చిన్న తేడాకి ఏమవుతుందిలే" అని వదిలేయడం కూడా కుదరదు. దశాంశాల్లో లెక్కించే మ్యాచ్‌లో షాట్‌కి 0.1 పోతే 60 షాట్లకి 6 పాయింట్లు. లండన్‌లోనే 50 మీటర్ల ప్రోన్‌లో జాయ్‌దీప్ కర్మాకర్ 1.9 పాయింట్ల తేడాతో బ్రాంజ్ మిస్ అయి నాలుగో స్థానంలో ఆగిపోయాడు. అందుకే కొలవమంటున్నా.

ఇంకొకటి, టైమింగ్. పెద్ద మ్యాచ్ ముందు మార్చొద్దు. కొత్త బ్యారెల్ వచ్చాక లాట్ టెస్టింగ్ మళ్లీ మొదటి నుంచి చేయాలి, పాత లాట్ దీనికి నచ్చకపోవచ్చు. పైగా ఇది లైసెన్స్ ఆయుధం, ఫోన్ కవర్ లాగా ఆర్డర్ పెడితే ఇంటికి రాదు. కాగితాలకి టైమ్ పడుతుంది. అందుకే సీజన్ అయిపోయిన వెంటనే టెస్ట్ పెట్టుకో. అప్పటిదాకా ప్రతి ప్రాక్టీస్‌కి తేదీ, లాట్ నంబర్, ఎన్ని షాట్లు, ఎప్పుడు క్లీన్ చేశావ్, ఇవి ఒక నోట్‌బుక్‌లో రాయి. టార్గెట్ల ఫొటోలు కూడా దాచు. వైస్ టెస్ట్ అయ్యాక ఆ ఫొటోలు నాకు పంపు, నాన్నని కూడా కూర్చోబెట్టి కలిసి చూద్దాం.