రోగాల చుట్టరికం – ఆడవాళ్ళ మీద నింద
(మహిళల ఆరోగ్య హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆసుపత్రిలో రొమ్ము క్యాన్సర్‌కు ఒక డాక్టరు, పిల్లల రక్తహీనతకు మరొక డాక్టరు. శరీరం లోపల మాత్రం ఈ గోడలు లేవు. 2007లో క్వాంగ్-ఇల్ గో, బరబాసి తదితర శాస్త్రవేత్తలు 1,284 రోగాలనూ, వాటితో సంబంధమున్న 1,777 జన్యువులనూ ఒకే పటం మీదికి తెచ్చారు. రెండు రోగాల వెనక ఒకే జన్యువు ఉంటే వాటి మధ్య గీత గీశారు. అలా 867 రోగాలకు కనీసం మరొక రోగంతోనైనా చుట్టరికం ఉందని తేలింది.

ఈ పటంలో మనం ముఖ్యంగా చూడవలసిన ముడి బీఆర్‌సీఏ2 అనే జన్యువు. కణంలో తెగిన డీఎన్‌ఏ పోగును సరిచేసే పనికి ఇది అవసరం. ప్రతి మనిషిలోనూ దీనికి రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక ప్రతి చెడిపోయి పుట్టిన స్త్రీకి రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ప్రమాదం ఎక్కువ. పురుషుడికి ప్రొస్టేట్ క్యాన్సర్ ప్రమాదం ఎక్కువ. రెండు ప్రతులూ చెడిపోతే బిడ్డకు ఫాంకోని ఎనీమియా వస్తుంది. ఎముకల్లోని మూలుగ సరిపడా రక్తం తయారుచేయలేని జబ్బు ఇది. దీనికి కారణమయ్యే జన్యువులు ఇరవైకి పైగా ఉన్నాయి. వాటిలో బీఆర్‌సీఏ2 ఒకటని 2002లో తెలిసింది.

బిడ్డ జబ్బుతో పుడితే మన ఇళ్ళలో ఏమంటారు? "మీ పుట్టింటి రోగం" అని కోడలినే అంటారు. కానీ ఈ జబ్బుకు చెడిన ప్రతులు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా రావాలి. మేనరికాల్లో ఒకే తాత నుంచి వచ్చిన చెడు ప్రతి ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. ఆ సంబంధం కుదిర్చింది పెద్దలు. నింద మోసేది మాత్రం ఆ పిల్ల! క్యాన్సర్ ముప్పు కూడా తండ్రి ద్వారా కూతురికి రావచ్చు. కాబట్టి అమ్మమ్మ, పిన్నిల సంగతితో పాటు నాయనమ్మ, మేనత్తల సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి.

మరి ఈ జ్ఞానం ఎవరి సొత్తు? 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ బృందం బీఆర్‌సీఏ1 జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని చూపింది. తరువాత అమెరికాలోని మిరియడ్ జెనెటిక్స్ కంపెనీ ఈ రెండు జన్యువుల మీద పేటెంట్లు సంపాదించి, పరీక్షకు మూడు వేల డాలర్లకు పైగా వసూలు చేసింది. 2009లో రోగులైన స్త్రీలు, మహిళా ఆరోగ్య సంఘాలు, శాస్త్రవేత్తలు కలిసి కోర్టుకెక్కారు. ప్రకృతిలో ఉన్న డీఎన్‌ఏను వేరుచేసినంత మాత్రాన పేటెంటు రాదని 2013 జూన్ 13న అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ప్రయోగశాలలో తయారుచేసిన నకలుకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. పోరాడితేనే ఈపాటి హక్కయినా దక్కింది.

రోగాల చుట్టరికం తెలియడం వల్ల వైద్యానికీ దారి దొరుకుతుంది. 2014లో అండాశయ క్యాన్సర్‌కు అనుమతి పొందిన ఒలాపరిబ్ మందుకు, ఆ తరువాత ఇదే జన్యులోపమున్న రొమ్ము, ప్రొస్టేట్ క్యాన్సర్లకు కూడా అనుమతి వచ్చింది. కానీ కొనగలిగినవాళ్ళకే అందే మందు హక్కు ఎలా అవుతుంది?

అందుకే మనం అడగవలసినవి ఇవి: అవసరమైన స్త్రీలకు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా జన్యు పరీక్ష, మందు ఇవ్వాలి. పరీక్షకు ముందు ఆమె భాషలో వివరించి, ఆమె సమ్మతి తీసుకోవాలి. వద్దనే హక్కూ ఆమెకుండాలి. ఫలితం ఆమె అనుమతి లేకుండా అత్తింటికి గానీ, పెళ్ళి సంబంధం చూసేవాళ్ళకు గానీ, బీమా కంపెనీకి గానీ చేరకూడదు.

జన్యువు స్త్రీపురుష భేదం చూడదు. నింద వేసే సమాజమే చూస్తోంది. మారవలసింది ఆ సమాజమే.